కళ్యాణదుర్గం పిల్ల కాళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో పిల్లలకే కాదు, కంబదూరు బస్టాండులో టీ కొట్టాయనకు కూడా తెలుసు. వ్యాయామం టీచర్‌కు ఆ మాత్రం కోపం లేకపోతే పిల్లలు లైన్లో నిలబడరు. రెఫరీకైతే అసలే నిలబడరు. అలాంటిది 2002 నవంబరులో ఇరవై రెండు రోజులు నా కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు. విజిల్‌ను గూట్లో పెట్టేసి దాని వైపు చూడకుండా తిరిగాను.

సంగతేమిటంటే, అనంతపురంలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జిల్లా ఫైనల్ జరిగింది. వజ్రకరూరు జట్టుకూ కళ్యాణదుర్గం జట్టుకూ పోటీ. రెఫరీలం ఇద్దరం, నేనూ తిప్పయ్య సారూ. జిల్లా రెఫరీల జాబితాలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆట ఇంకా నాలుగు సెకన్లుంది. కళ్యాణదుర్గం ముప్పై ఒకటి, వజ్రకరూరు ముప్పై. వజ్రకరూరు పిల్ల నాజ్‌నీన్ బంతి కొట్టుకుంటూ దూసుకొచ్చింది. బోర్డు దగ్గర కళ్యాణదుర్గం పిల్ల లక్ష్మీదేవి అడ్డం నిలిచింది. ఇద్దరూ ధడేల్‌మని గుద్దుకున్నారు. లక్ష్మీదేవి వెల్లకిలా పడింది, బంతి రింగులో పడింది, నా విజిల్ మోగింది.

తప్పు నాజ్‌నీన్‌ది అన్నాను. రింగులో పడిన బంతి లెక్కకు రాదన్నాను. కళ్యాణదుర్గం గెలిచింది.

ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. అడ్డుకునే పిల్ల ముందే వచ్చి కాళ్లు నిలదొక్కుకుని ఉంటే, వచ్చి గుద్దినదానిదే తప్పు. దాన్ని ఛార్జింగ్ అంటాం. గుద్దుకునేటప్పటికి అడ్డుకునే పిల్ల ఇంకా పక్కకు జరుగుతూ ఉంటే తప్పు ఆ పిల్లది. అది బ్లాకింగ్. అంతా కాళ్లలోనే ఉంది. లక్ష్మీదేవి కాళ్లు నిలిచి ఉంటే నేను సరిగ్గా ఊదినట్టు, లేకపోతే ఒక పిల్ల గెలుపును నోటితో ఊదేసినట్టు.

"రెండు కాళ్లూ నిలిచి ఉండగా చూశాను" అని రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. చూడలేదు. ఇదీ నా గుండెల్లో కూర్చున్న రాయి. ఆ ఏడు వాన మొహం చూపించలేదు. ఫైనల్ రోజు కోర్టు తడపడానికి రావలసిన ట్యాంకర్‌ను దారిలోనే పక్క కాలనీవాళ్లు తాగడానికి ఆపుకున్నారు. తాగే నీళ్లు తెచ్చి మట్టిలో పోయండని ఎవరంటారు? మట్టి కోర్టు, పొడి గాలి, పది మంది పిల్లల పరుగు. సరిగ్గా ఆ క్షణానికి నా కళ్లలో దుమ్ము పడింది. ధడేల్‌మన్న చప్పుడు విన్నాను, కళ్లు నులుముకుంటూ ఊదాను, కళ్లు తెరిచేసరికి లక్ష్మీదేవి నేల మీద ఉంది. మిగతాదంతా నా అనుభవం చెప్పిన మాట. అనుభవం కూడా ఒక్కోసారి నోటికొచ్చినట్టు చెబుతుంది కదా.

వజ్రకరూరు కోచ్ అల్లాబకాష్ సార్ రెండు పేజీల ఫిర్యాదు రాశాడు. కంబదూరుకు కళ్యాణదుర్గం పక్క ఊరే కాబట్టి మేడం అటు మొగ్గిందని ఒక వాక్యం. ఆడవాళ్లను ఫైనల్‌కు పెట్టడమే పొరపాటని ఇంకో వాక్యం. అవి చదివితే మామూలు రోజుల్లో నేను వజ్రకరూరు బస్సెక్కి వెళ్లి అడిగేసేదాన్ని. కానీ చివరి వాక్యం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. "ఆ దినం నుండి మా పిల్ల బంతి ముట్టలేదు" అని రాశాడు.

రెఫరీల సంఘం పెద్ద రామాంజులు సార్ ఫోన్ చేశాడు. "వీడియో ఉండాదంటమ్మా. ఆదివారం కూసుని సూస్తాము. తప్పని తేలితే జాబితాలోంచి నీ పేరు తీసేయాల్సొస్తాది. ముందే చెప్తాండా, తర్వాత నన్ను అనుకోవద్దు" అన్నాడు. నేను సరే సార్ అన్నాను. ఇంతకు ముందు ఎవరికీ అంత మెత్తగా సరే అన్నట్టు గుర్తు లేదు.

వీడియో తీసింది తిప్పేస్వామి. గుమ్మఘట్ట వైపు మనిషి. అనంతపురం గడియార స్తంభం దగ్గర చిన్న స్టూడియో పెట్టుకుని పెళ్లిళ్లు తీస్తాడు. ఫైనల్‌కు ముఖ్య అతిథి ఎవరో పెద్దమనిషి వస్తే, ఆయన్ను తీయడానికి పిలిపించారు. ఆట దానంతటదే అందులో పడింది.

ఆదివారం పదింటికి అందరం స్టూడియోలో చేరాం. రామాంజులు సార్ మధ్య కుర్చీలో, తిప్పయ్య సార్ ఆయన పక్కన, నేను ఒక మూల. అల్లాబకాష్ సార్ నాజ్‌నీన్‌ను కూడా వెంట తెచ్చాడు. టీవీలో తనను తాను చూసుకోవాలని పిల్ల మొండికేస్తే వాళ్లమ్మ జుబేదాబీ పంపిందట. తొమ్మిదో తరగతి పిల్ల, పొడుగ్గా, సన్నగా ఉంటుంది. పెళ్లికూతుళ్లను కూర్చోబెట్టి ఫోటో తీసే ఎర్ర పట్టు కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది. నేను మాత్రం ఆ పిల్ల వైపు చూడలేకపోయాను.

తిప్పేస్వామి క్యాసెట్ పెట్టాడు. నాదస్వరం మొదలైంది. పెళ్లికొడుకు తలంబ్రాలు పోస్తున్నాడు, పైనుంచి గులాబీ రేకులు రాలుతున్నాయి, మూలన రెండు పావురాలు ఎగురుతున్నాయి.

"ఇదేమప్పా?" అన్నాడు రామాంజులు సార్.

తిప్పేస్వామి నెత్తి గోక్కున్నాడు. "అయ్యో దేవ్రే! రాయదుర్గం పెండ్లికి క్యాసెట్ తక్కువ పడె సార్. ఇదుండె. దీని మిందనే తీసేస్తి."

"మ్యాచ్ మింద పెండ్లి తీసినావా?" అల్లాబకాష్ సార్ లేచి నిలబడ్డాడు. "ఇంత దూరం వచ్చింది వాళ్ల పెండ్లి చూడనీకా?"

"అంతా పోల్యా సార్. ఆ పెండ్లి చిన్నదే. ఎనక ఉంటాది, ఉండండి."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ప్రాణం లేచొచ్చింది. వీడియో లేకపోతే రుజువు లేదు, రుజువు లేకపోతే నా పేరు తీసేవాళ్లు లేరు. దేవుడా, ఆ పెళ్లి ఇంకో గంట నడవాలని దండం పెట్టుకున్నాను. అంతలోనే ఎర్ర కుర్చీ వైపు చూపు పోయి సిగ్గేసింది. రుజువు లేకపోతే ఆ పిల్లకు నేనేం చేశానో నాకు చచ్చేదాకా తెలియదు.

అప్పగింతల ఏడుపు మధ్యలో తెర ఒక్కసారి గీతలు గీతలైంది. మూడో క్వార్టర్ ఆట కనబడింది.

మిగిలిన ఆటంతా చూశాం. చివరి నాలుగు సెకన్లు వచ్చాయి. నాజ్‌నీన్ దూసుకొస్తోంది, లక్ష్మీదేవి చేతులు పైకెత్తి నిలిచింది, ధడేల్. కాళ్లు? కాళ్లు లేవు! తిప్పేస్వామి కెమెరా అతిథుల వెనక పెట్టాడు. షామియానా కింద వరసగా వాళ్ల తలకాయలు, రెండు కండువాలు, ఒక పెద్ద టోపీ. పిల్లలు నడుము పైన మాత్రమే కనబడుతున్నారు.

"ఆట తీయరా అంటే తలకాయలు తీసినావే" అన్నాడు తిప్పయ్య సార్.

"నాకు తలకాయలే చెప్పినారు సార్" అన్నాడు తిప్పేస్వామి, ఏ మాత్రం తగ్గకుండా.

ఆరుసార్లు వెనక్కి తిప్పి చూశాం. చూసినకొద్దీ వాదన పెరిగింది. "భుజం చూడండి, భుజం పక్కకు వాలింది, అంటే కాళ్లు జరుగుతాండాయి. బ్లాకింగే" అన్నాడు అల్లాబకాష్ సార్. "గుద్దేటప్పుడు ఎవరికైనా భుజం వాలుతాది గదప్పా, భయంతో" అన్నాడు రామాంజులు సార్. తిప్పయ్య సార్ గొంతు సవరించుకుని, "నాకైతే ఆ దినమే బ్లాకింగ్ మాదిరి కనబడె" అన్నాడు.

ఇరవై రెండు రోజులుగా కనబడని కోపం అప్పుడు తిరిగొచ్చింది. "ఆ దినం మీరు చూస్తుండింది గడియారాన్ని సార్! నా ఒక్కదానికే వదిలేసి, ఈ రోజు మీకు కనబడిందా?" అన్నాను. ఆయన టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

రామాంజులు సార్ నా వైపు తిరిగాడు. నాకు విజిల్ పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన. రిపోర్టు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "పుష్పావతీ, కాళ్లు చూసినానని రాసినావు. నువ్వు చూసినానంటే నేను నమ్ముతా. ఈడితో అయిపోతాది. చెప్పు, చూసినావా?"

చూశాను అంటే చాలు. ఒక్క మాట. అందరూ లేచి ఇళ్లకు పోతారు. నోరు తెరిచాను. ఎర్ర కుర్చీలో పిల్ల కొంచెం ముందుకు వంగింది.

"లేదు సార్" అన్నాను. "కంట్లో దుమ్ము పడింది. చప్పుడు విని ఊదాను. కాళ్లు చూడలేదు. రాసింది అబద్ధం."

రామాంజులు సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అల్లాబకాష్ సార్ గెలిచినవాడిలా కాకుండా, ఎందుకో ఇబ్బందిగా కిటికీ వైపు చూశాడు. నాకు ఏడుపొస్తోంది. కానీ ఆ రాయి కదిలింది. పేరు పోతే పోయింది, ఈ రోజు అన్నం సయిస్తుంది అనుకున్నాను.

"ఇంక చేసేదేముండాదమ్మా" అంటూ రామాంజులు సార్ పెన్ను తీశాడు.

తిప్పేస్వామికి ఇదంతా తన క్యాసెట్ తప్పని అనిపించినట్టుంది. "తలకాయలొకటే కాదు సార్, ఆ దుమ్మే నా పని చెరిపె. చూడండి, ఆయమ్మి యాడ పోతే ఆడ దుమ్ము. పొగ లేచినట్ల లేస్తాది. లెన్సు ఎన్ని తూర్లు తుడిస్తినో" అని తెర మీద నాజ్‌నీన్ దగ్గర వేలు పెట్టి చూపించాడు.

రామాంజులు సార్ పెన్ను ఆగింది. "ఉండప్పా. మళ్లీ వెనక్కి తిప్పు. నిదానంగా."

తిప్పేస్వామి బొమ్మను ఆపి ఆపి కదిలించాడు. నాజ్‌నీన్ వెనక అతిథుల తలల పైనుంచి దుమ్ము లేస్తోంది. గాలికి ఎడమ వైపు కొట్టుకుపోతోంది. ఆ పిల్ల అడుగు వేసిన ప్రతిచోటా కొత్త దుమ్ము. లక్ష్మీదేవి దగ్గర మాత్రం లేదు. అంతకు ముందు లక్ష్మీదేవి అక్కడికి పరుగెత్తి వచ్చినప్పుడు లేచిన దుమ్ము ఎడమకు పోయి పలచబడింది. ఆమె చుట్టూ గాలి శుభ్రంగా ఉంది. గుద్దుకునేదాకా అలాగే ఉంది. ఆమె పడిన తర్వాతే అక్కడ దుమ్ము లేచింది.

"కాలు జరిగింటే దుమ్ము లేయల్ల" అన్నాడు రామాంజులు సార్ మెల్లగా. ఆయన ఇప్పటికీ పొలం దున్నించే మనిషి. దుమ్ము సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అదెట్ల చెప్తారు సార్?" అల్లాబకాష్ సార్ ఒప్పుకోలేదు. "ఆ తావులో నేల గట్టిగా ఉండొచ్చు."

"అయితే చూద్దాము. కాళ్లు కనపడేవి వెతుకు."

కోర్టు అవతలి వైపు కుర్చీలు లేవు. అక్కడ కాళ్లు కనిపిస్తాయి. మూడు చోట్ల ఆపి చూశాం. అడ్డుకునే పిల్ల పక్కకు జరిగితే, ఎంత చిన్నగా జరిగినా, మడమ కింద నుంచి దుమ్ము లేచింది. నిలబడిపోతే ఒకటి రెండు సెకన్లలో గాలి తీసుకుపోయింది. నాలుగోది అల్లాబకాష్ సారే అడిగి పెట్టించుకున్నాడు. మూడో క్వార్టర్ అయ్యాక విరామంలో లక్ష్మీదేవి సరిగ్గా ఆ చోటే నడిచి వెళ్లింది. అతిథుల తలల పైకి దుమ్ము లేచింది. అక్కడ నేల గట్టిది కాదు.

అల్లాబకాష్ సార్ తెర దగ్గరికి వంగి ఇంకోసారి చూశాడు. "నిలబడే ఉండాది" అన్నాడు చివరికి. "ఛార్జింగే. మేడం కరెక్టే ఊదినారు."

నేను ఏడ్చేశాను. ముప్పై ఐదేళ్ల మనిషిని, పిల్లలను ఎండలో నాలుగు రౌండ్లు పరుగెత్తించే మనిషిని, పెళ్లిళ్ల స్టూడియోలో చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇరవై రెండు రోజుల బరువు ఒక్కసారి దిగితే ఒళ్లు తేలిపోతుందని అంటారు. నేను మాత్రం గోడకు ఆనుకుని కూలబడ్డాను. తిప్పేస్వామి పరుగున పోయి సోడా తెచ్చాడు.

"రిపోర్టు తిరిగి రాసియ్యి. చూసినానని రాయొద్దు. చప్పుడు విని ఊదినానని రాయి. దానికి నేను నీకు ఒక మందలింపు కాగితం ఇస్తా. పేరు మాత్రం తీయను" అన్నాడు రామాంజులు సార్. మందలింపు కాగితాన్ని అంత సంతోషంగా ఒప్పుకున్న మనిషి జిల్లాలో ఇంకొకరు ఉండరు.

అక్కడితో లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఒకటి నా కంట్లో పడింది, ఈసారి దుమ్ము కాదు. కాళ్ల కోసం వెతుకుతున్నప్పుడు మూడో క్వార్టర్‌లో నేనిచ్చిన ఒక ఫౌల్ కనబడింది. చెయ్యి కొట్టిందని నాజ్‌నీన్ మీద ఊదాను. దాని మీద నాకు ఏ రోజూ అనుమానం రాలేదు. తెర మీద చూస్తే ఆ పిల్ల చెయ్యి బంతి మీదే ఉంది, అవతలి పిల్లకు తగలనే లేదు. దానికి కళ్యాణదుర్గం వాళ్లకు ఎవరూ అడ్డురాకుండా వేసుకునే రెండు ఫ్రీ త్రోలిచ్చాను, రెండూ రింగులో పడలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఒక్క పాయింటు గెలుపు లెక్క మళ్లీ మొదటికి వచ్చేది.

"సార్, ఇంకొకటి తిప్పమనండి" అన్నాను. చూపించాను. "ఇది నా తప్పే."

ముగ్గురూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. బయటపడిన మనిషి మళ్లీ వచ్చి గుంతలో దిగుతోందేమిటని కాబోలు. నేను ఎర్ర కుర్చీ దగ్గరికి వెళ్లాను. ఆ రోజు మొదటిసారి ఆ పిల్ల మొహంలోకి చూశాను. "అది నీ ఫౌల్ కాదమ్మా. తప్పు ఊదాను."

"నాకు తెల్సు మేడం" అంది నాజ్‌నీన్. "ఆ దినమే చెప్పనీకొస్తి. నోర్మూసుకుని పో అంటిరి."

అన్నాను. నేను రోజుకు ఇరవైసార్లు అనే మాటే అది. గుర్తు కూడా లేదు.

"మరి చివరిది?" అడిగాను.

"అది నేనే గుద్దినా మేడం." పిల్ల చాలా మామూలుగా చెప్పింది. "ఆయమ్మి కదలకుండా నిలబడుండె. గట్టిగా పోతే భయపడి జరుగుతాదనుకుంటి. జరగల్యా."

నేను సోడా సీసా కింద పెట్టేశాను. రెండున్నర గంటలు. ఐదుగురు పెద్దవాళ్లం. భుజమన్నాం, గాలన్నాం, దుమ్మన్నాం, నేల గట్టిదన్నాం. గుద్దిన పిల్ల మూడడుగుల దూరంలో కూర్చుని ఉంది.

అల్లాబకాష్ సార్ మొహం ఎర్రబడింది. "ఏమే బేటీ, ఇంత పెద్ద ఫిర్యాదు రాస్తిని గదా! నాతో చెప్పల్ల కదా?"

"మీరు అడగల్యా సార్. అన్యాయం, అన్యాయం అని మీరే అంటాంటిరి. ఎవురూ నన్ను అడగల్యా."

"మరి ఆ దినం నుంచి బంతి ఎందుకు ముట్టలేదు?" అన్నాడాయన.

"బంతిలో గాలి యాడ నిలుస్తాంది సార్? పంక్చరై నెలయ్యె. దేన్ని ముట్టాల?"

మొదట రామాంజులు సార్ నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్లజోడు జారిపోయేలా నవ్వాడు. తర్వాత తిప్పేస్వామి. అల్లాబకాష్ సార్ చాలాసేపు బిగబట్టి, ఇక ఆగలేక తల పట్టుకుని నవ్వాడు. నేను మళ్లీ ఏడ్చాను. ఆ చివరి వాక్యం కోసం ఇరవై రెండు రోజులు నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. పంక్చరంట! పోన్లే తల్లీ, నీ కడుపు చల్లగా ఉండాలి, బంతికే కదా గాలి పోయింది.

మెట్లు దిగేటప్పుడు అల్లాబకాష్ సార్ నా పక్కకు వచ్చి, "మేడం, వచ్చే నెల మా ఊర్లో పోటీలుండాయి. విజిల్ మీరే ఊదల్ల" అన్నాడు.

"ఆడవాళ్లను పెట్టడం పొరపాటు కదా సార్?" అన్నాను. వదులుతానా?

"ఆ వాక్యం మాఫ్ చేయండి" అన్నాడు చేతులు జోడించి. మాఫ్ చేశాను. పంక్చర్ వేయించిన తర్వాతే వస్తానని మాత్రం చెప్పాను.

కళ్యాణదుర్గం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నది గుర్తుంది. అనంతపురం దాటింది లేనిది తెలియదు. కండక్టర్ భుజం తట్టి లేపితే బస్సు ఖాళీగా ఉంది, నా మెడలో విజిల్ తాడు చెమటకు అతుక్కుని ఉంది. పొద్దున బ్యాగులో ఎందుకు వేసుకున్నానో, ఎప్పుడు తీసి మెడలో వేసుకున్నానో నాకే తెలియదు.

ఇప్పటికీ కోర్టులో పిల్లలు నోరు తెరిస్తే, నోర్మూసుకుని పో అన్న మాట నా నాలుక చివరికి వస్తుంది. దాన్ని ఆపుకుని, "ఏమైంది, చెప్పు" అంటాను. ఆ పిల్లలు చెబుతారు. నేను పూర్తిగా వింటాను. ఫౌల్ మాత్రం మార్చను.